పద్నాలుగు తర్వాత పదహారు

ఒప్పందం ముప్ఫై ఒక్క పేజీలు.
చలికి ముడుచుకున్న ప్రింటరు
ఒక్కో కాగితాన్నీ దగ్గి దగ్గి బయటపెట్టింది.
కిటికీ అవతల మైనస్ ముప్ఫై నాలుగు.
ఖోవ్ద్‌లో ఈ నెలంతా
కలాన్ని చంకలో పెట్టి వెచ్చబెట్టుకోవాలి
పేరు రాయాలంటే.

పదిహేనో నిబంధన దగ్గర ఆగాను.
"ఈ ఒప్పందమునకు డెలావేర్ రాష్ట్ర చట్టము వర్తించును.
వివాదము తలెత్తినచో
అచ్చటి న్యాయస్థానములకే సంపూర్ణాధికారము."

గోడమీది పటంలో వెతికాను.
నా చిటికెన వేలి గోరు కింద
ఆ రాష్ట్రం మొత్తం మాయమైంది.

మేం కొనేది పశువైద్య పత్రికలు.
మేక ఊపిరితిత్తుల్లో నీరెందుకు చేరుతుందో,
వసంతంలో గొర్రెలు ఎందుకు ఈచుకుపోతాయో
మూడో ఏడు పిల్లలు ఒకే తెరముందు
భుజాలు రాసుకుంటూ చదువుతారు.
వాళ్ళలో సరన్‌గెరెల్
ఫోన్‌తో పేజీకి ఫోటో తీసుకుని
రెండు వందల కిలోమీటర్లు లారీలో వెళ్ళి
మేనమామకి చదివి వినిపిస్తుంది.

అది అనధికార వినియోగమా?
అయితే,
ఆ మామ, ఆయన మూడు వందల మేకలు
ఎన్ని సముద్రాలు దాటి
వాయిదాకి హాజరవ్వాలి?

మా ఊరి కోర్టు నాకు తెలుసు.
మెట్లమీద మంచు తోసే మనిషి దోర్జ్‌పలమ్
నా రబ్బరు బూట్లు చూసి నవ్వుతాడు.
జడ్జీ నేనూ ఒకే కొట్లో పిండి కొంటాం.
ఆమె మా పక్షం అని కాదు.
నిరుడు లైబ్రరీ కప్పు దావాలో
మమ్మల్నే ఓడించింది.
ఓడిపోయి
నడుచుకుంటూ ఇంటికొచ్చాను.
అంతే తేడా.

అడ్డంగా గీత కొట్టి, మార్జిన్‌లో
"మంగోలియా" అని రాసి పంపాను.
తిరిగొచ్చింది, నా గీతమీద ఇంకో గీతతో.
న్యూయార్క్ అన్నారు.
నేను ఉలాన్‌బాతర్ అన్నాను.
పోనీ మధ్యస్థంగా లండన్ అన్నారు.
లండన్ ఎవరికి మధ్యన?

ఏడు వారాలు.
ఈలోగా పాత చందా గడువు తీరి
తెరమీద తాళంబొమ్మ పడింది.
పిల్లలు దాన్ని వేలితో గీరి చూశారు
మంచేమో అన్నట్టు.

చివరికి ఒక రాత్రి, ఆమెకి పగలు,
రోవీనా టిల్‌మన్ తానే ఫోన్ చేసింది.
వెనకాల జ్వరప్పిల్ల ఏడుపు వినిపిస్తోంది.
గొంతు తగ్గించి అంది:
"దులమ్‌సురెన్ గారూ, ఇంకో దారి ఉంది.
మీ చట్టమూ వద్దు, మాదీ వద్దు.
ఆ నిబంధనే తీసేద్దాం.
ఒప్పందం ఆ విషయం ఎత్తదు."

మౌనం అర్ధాంగీకారం అంటారు.
ఇక్కడ మౌనాలు రెండు.
సగమూ సగమూ కలిస్తే
లెక్క ప్రకారం ఒకటి కావాలి.
కాలేదు.
తగువంటూ వస్తే
ఎక్కడ తగువాడాలన్నదే
మొదటి తగువు.
మా లాయరు ఎర్దెనెబుల్గన్
అది వినగానే పళ్ళు నూరాడు,
తర్వాత చాలాసేపు ఆలోచించి
"అయినా సరే, సంతకం పెట్టు" అన్నాడు.

చంకలోంచి కలం తీశాను.

మొన్న ఆడిటర్ గంతుల్గా వచ్చాడు.
కళ్ళజోడు నుదుటికెత్తి
కాగితంమీద వేలు ఆనించాడు.
"పద్నాలుగు తర్వాత పదహారుంది.
పదిహేనేదీ? పేజీ పోయిందా?"
అంకెలు సరిచేయడం వాళ్ళూ మరిచారు, మేమూ మరిచాం.

పోలేదు, అన్నాను.
ఇద్దరం కూడబలుక్కుని
అక్కడ ఏమీ పెట్టలేదు.

అతను చాలాసేపు ఏదో రాసుకున్నాడు.
అతని వెనక, కంప్యూటర్ దగ్గర
సరన్‌గెరెల్ ఫోన్ పైకెత్తింది.
నేను కిటికీ వైపు తిరిగి
బొగ్గుపొగ ఎటు పోతోందో చూస్తూ నిలబడ్డాను.